మంగళవారం ఓటు, మిరపకోతల ఓటు

అమెరికాలో అధ్యక్ష ఎన్నిక ఎప్పుడొచ్చినా మంగళవారమే వస్తుంది. నవంబరులో మొదటి సోమవారం గడిచాక వచ్చే మంగళవారం. ఈ లెక్కను అక్కడి కాంగ్రెస్ 1845లో చట్టం చేసి పెట్టింది. ఎందుకలా పెట్టారంటే సాధారణంగా చెప్పే జవాబు మన పాఠకులకు నచ్చుతుంది: రైతు కోసం. ఆనాడు ఆ దేశంలో ఎక్కువమంది సేద్యం మీదే బతికేవారు. నవంబరు నాటికి పంట ఇంటికి చేరుతుంది. మంచు ఇంకా దారులను మూసెయ్యదు. పోలింగు జరిగే ఊరికి గుర్రపు బండి మీద పోవడానికే ఒక రోజు పట్టేది. ఆదివారం చర్చి, బుధవారం చాలాచోట్ల సంత. సోమవారం బయల్దేరి మంగళవారం ఓటేస్తే ఆ రెంటికీ అడ్డం రాదు.

ఓటు వేసే రోజును పంట చూసి, సంత చూసి, బండి నడక చూసి నిర్ణయించారన్న మాట. (ఆ ఓటర్లలో ఆడవాళ్లు లేరు, బానిసలుగా పొలాల్లో చాకిరీ చేసిన నల్లవాళ్లు లేరు. అది మరువకూడని సంగతి.) నూట ఎనభై ఏళ్లు దాటింది. ఇప్పుడు ఆ దేశంలో సేద్యం చేసేవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. మంగళవారం మాత్రం అలాగే ఉండిపోయింది. దేశమంతటికీ సెలవు కాదు. ఫ్యాక్టరీలో షిఫ్టు చేసేవాడు, ఆస్పత్రిలో నర్సు, లారీ డ్రైవరు, ఇద్దరు పిల్లల్ని ఒంటరిగా సాకే తల్లి ముందస్తు ఓటుకో గైర్హాజరు ఓటుకో దారి లేని చోట ఆ ఒక్క రోజునే, ఆ కొన్ని గంటల్లోనే, తమ ఊళ్లోని పోలింగు కేంద్రం ముందు నిలబడాలి. నిలబడలేకపోతే ఏం చెయ్యాలన్న ప్రశ్న మీద అక్కడి రాష్ట్రాలు ఇటీవలి సంవత్సరాల్లో తమ రాజ్యాంగాలనే మార్చుకుంటున్నాయి.

అమెరికా ఎన్నికల ముచ్చట మన పత్రికకెందుకని అనుకోవద్దు. ఊళ్లో ఇల్లుండి, జాబితాలో పేరుండి, పోలింగు రోజున మాత్రం వందల కిలోమీటర్ల అవతల ఇంకొకరి చేలో నడుం వంచి ఉండేవాళ్లు మన సంఘంలో వేలమంది ఉన్నారు. వాళ్ల ఓటు సంగతి మనం ఎన్నికలప్పుడు తలచుకుని, ఫలితాలు రాగానే మరిచిపోతున్నాం. ఆ ఓటుకు తలుపు ఎవరి చేతిలో ఉందో, దాన్ని తెరిపించడానికి ఎంత కాలం పట్టిందో, తెరిచాక లోపలికి ఏమేం దూరాయో తెలుసుకోవడానికి కనెక్టికట్ అనే చిన్న రాష్ట్రం కథ పనికొస్తుంది.

ముందు ఒక మాట చెప్పుకోవాలి. మన రాష్ట్రాలకు వేరే రాజ్యాంగాలు లేవు. జమ్మూకశ్మీర్‌కు ఉండేది, 2019తో అదీ పోయింది. అమెరికాలో మాత్రం ప్రతి రాష్ట్రానికీ తనదైన రాజ్యాంగం ఉంది. ఎన్నికలు నడిపే తీరులో చాలా భాగం ఆ రాజ్యాంగం, దాని కింద రాష్ట్ర శాసనసభ చేసే చట్టం నిర్ణయిస్తాయి. పోలింగు కేంద్రానికి రాకుండా, ముందుగానే బ్యాలెట్ తెప్పించుకుని తపాలా ద్వారానో మరో విధంగానో పంపే ఓటును గైర్హాజరు ఓటు అంటారు. కొన్ని రాష్ట్రాల్లో అది ఎవరికి దొరుకుతుందో రాజ్యాంగంలోనే రాసి పెట్టారు. అలా రాసిన చోట శాసనసభ తలచుకున్నా ఒక్క అక్షరం జరపలేదు.

ఈ పేచీ పాతది. అంతర్యుద్ధం నాడు యుద్ధరంగంలో ఉన్న సైనికులు ఓటెలా వెయ్యాలన్నది మొదటి పెద్ద తగాదా. పెన్సిల్వేనియాలో సైనికులు తామున్న చోటే ఓటు వేసుకోవచ్చని పాత చట్టం ఒకటి ఉండేది. ఓటరు తన నియోజకవర్గంలోనే ఓటెయ్యాలని రాష్ట్ర రాజ్యాంగం అంటోంది కాబట్టి ఆ చట్టం చెల్లదని 1862లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. దేశం కోసం ప్రాణాలొడ్డేవాడికి ఓటు లేకపోవడం ఏమిటని గోల పుట్టి, 1864లో ప్రజలు రాజ్యాంగాన్నే సవరించుకున్నారు. ఊరు విడిచి వెళ్లినవాడి ఓటు ఊళ్లోనే ఉండిపోకూడదన్న వాదన అలా మొదట తుపాకీ పట్టినవాడి పేరు మీద గెలిచింది. కొడవలి పట్టినవాడి దాకా అది రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

కనెక్టికట్ రాజ్యాంగం గైర్హాజరు ఓటుకు కొన్ని కారణాలను మాత్రమే ఒప్పుకునేది. ఊళ్లో లేకపోవడం, జబ్బు, అంగవైకల్యం, ఆ రోజున లౌకికమైన పనులు చెయ్యకూడదన్న మత నియమం. అంతే. ఈ జాబితా చదివితే ఒక రైతుకు వెంటనే తట్టే ప్రశ్న ఒకటుంది. పాడి రైతు సంగతేమిటి? కనెక్టికట్‌లో పాడి ఉంది. ఆవులకు పోలింగు తేదీ తెలియదు. తెల్లవారకముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి పాలు పితకాలి. ఆ రైతు ఊరు విడిచిపోలేదు, జబ్బు పడలేదు, మతం అడ్డు చెప్పలేదు. కాబట్టి కాగితం మీద అతనికి ఏ ఇబ్బందీ లేదు. ఉదయం ఆరు నుంచి రాత్రి ఎనిమిది దాకా పోలింగు ఉంటుంది కదా, మధ్యలో వెళ్లలేడా అంటే వెళ్లగలడు. ఆ రోజే ఆవు ఈనకపోతే, ట్రాక్టరు మొరాయించకపోతే, పెద్దావిడను చూసుకునే మనిషి సెలవు పెట్టకపోతే. జాబితా రాసిన పెద్దలకు ఇలాంటి రోజులు ఎదురై ఉండవు.

కనెక్టికట్ సేద్యం గురించి మరో మాట చెప్పకుండా ఉండలేం. అక్కడి నదీలోయలో పైన గుడ్డ పందిళ్లు కట్టి నీడలో పెంచే పొగాకు ప్రసిద్ధి. చుట్టల పైపొరకు వాడతారు. ఒంగోలు, కందుకూరు ప్రాంతాల పొగాకు రైతులకు ఆ పనిలోని కష్టం చెప్పనక్కర్లేదు. ఆ ఆకు తెంపడానికి దక్షిణాది నుంచి, కరీబియన్ దీవుల నుంచి కూలీలను రప్పించేవారు. 1944 వేసవిలో అలా సిమ్స్‌బరీ అనే ఊరి పొగాకు చేలలో పనిచేసిన నల్లజాతి కుర్రాళ్లలో ఒకడు మార్టిన్ లూథర్ కింగ్. పదిహేనేళ్ల వయసు. చదువు ఖర్చులకని వచ్చాడు. తెల్లవాళ్లు తినే హోటల్లోనే కూర్చుని తినొచ్చని అక్కడ చూసి ఆశ్చర్యపోయి ఇంటికి ఉత్తరాలు రాశాడు. తన సొంత రాష్ట్రం జార్జియాలో నల్లవాళ్లు ఓటు దాకా పోకుండా ఎన్ని అడ్డంకులు పెట్టేవారో, వాటిని కూలగొట్టడానికి ఆ కుర్రాడు పెద్దయ్యాక ఏం చేశాడో అందరికీ తెలుసు.

ఇప్పటికీ ఆ దేశపు పొలాల్లో పనిచేసేవాళ్లలో చాలామంది మెక్సికో నుంచో జమైకా నుంచో తాత్కాలిక వీసాల మీద వచ్చినవాళ్లు, లేదా కాగితాలు లేనివాళ్లు. వాళ్లకు అక్కడ ఓటే లేదు. గైర్హాజరు ఓటుకు ఎంత పెద్ద తలుపు తెరిచినా వాళ్లు బయటే ఉంటారు. మన పరిస్థితి అది కాదు. మన మిరప చేలోకి, పత్తి చేలోకి వచ్చే కూలీ ఈ దేశ పౌరుడు, ఈ రాష్ట్రపు ఓటరు. అతనికి హక్కు ఉంది, వాడుకునే దారి లేదు. అందుకే మన సమస్య వాళ్ల దానికంటే తేలిక అనీ, ఇంకా తేలకపోవడం మనకే తలవంపు అనీ మేమంటున్నాం.

కనెక్టికట్‌లో ఏం జరిగిందో చూద్దాం. ఆ జాబితాను ఎత్తేసి, ముందస్తు ఓటుకూ దారి ఇచ్చే సవరణను 2014లో ప్రజల ముందు పెట్టారు. స్వల్ప తేడాతో ఓడిపోయింది. అక్కడ రాజ్యాంగ సవరణ అంటే మాటలు కాదు. రెండు సభల్లోనూ నాలుగింట మూడొంతుల మెజారిటీ రావాలి. అంత రాకపోతే మామూలు మెజారిటీతో ఒకసారి ఆమోదించి, మధ్యలో ఎన్నికలు జరిగి, కొత్తగా వచ్చిన సభ మళ్లీ ఆమోదించాలి. ఆ తర్వాత ప్రజలు ఓటేసి ఒప్పుకోవాలి. 2014 తర్వాత పని మళ్లీ మొదటికొచ్చింది.

2020లో కోవిడ్ వచ్చింది. జబ్బు అన్న మాటలోకి మహమ్మారినీ చేర్చి ఆ ఏడు అందరికీ గైర్హాజరు ఓటు ఇచ్చారు. ఆరు లక్షలకు పైగా ఓట్లు అలా వచ్చాయి. ఎవరూ ఊహించనంత సంఖ్య. ప్రజలకు ఈ వెసులుబాటు అక్కర్లేదన్న మాటకు అదే జవాబు. పోరాడేవాళ్లు ఈసారి రెండు అంశాలనూ విడదీశారు. ముందస్తు ఓటు సవరణ 2022లో నూటికి అరవై మంది మద్దతుతో గెలిచింది. గైర్హాజరు ఓటు సవరణ 2021లో ఒక సభలో, 2023లో తర్వాతి సభలో ఆమోదం పొంది, 2024 నవంబరు 5న ప్రజల ముందుకు వచ్చింది. నూటికి 58 మంది దాకా సరే అన్నారు. ఓడిన పదేళ్లకు గెలిచారు.

గెలిచినదేమిటో కూడా సరిగా చూడాలి. ఆ సవరణ ఏ ఓటరు చేతికీ నేరుగా బ్యాలెట్ ఇవ్వలేదు. ప్రతి ఓటరుకూ గైర్హాజరు ఓటు ఇచ్చేందుకు శాసనసభకు అధికారం ఇచ్చింది. చట్టం వేరే చెయ్యాలి, అందులో షరతులు రాయాలి, డబ్బు కేటాయించాలి. భూసంస్కరణల చట్టాలు చూసిన రైతాంగానికి అధికారం ఇవ్వడానికీ హక్కు ఇవ్వడానికీ మధ్య ఎంత దూరముంటుందో మేం విడమరచి చెప్పనక్కర్లేదు.

మిషిగన్ వేరే దారి పట్టింది. అక్కడ పౌరులే సంతకాలు సేకరించి రాజ్యాంగ సవరణను ప్రజల ఓటుకు పెట్టే వీలుంది. 2018లో అలాగే పెట్టారు. కారణం చెప్పకుండా గైర్హాజరు ఓటు పొందే హక్కును నేరుగా రాజ్యాంగంలోకే ఎక్కించారు. నూటికి 66 మందికి పైగా ఒప్పుకున్నారు. శాసనసభ దయ కోసం చూడాల్సిన అవసరం లేకుండా పోయింది. 2022లో మళ్లీ సంతకాలు సేకరించి, తొమ్మిది రోజుల ముందస్తు పోలింగూ, బ్యాలెట్ పంపే కవరుకు ప్రభుత్వమే తపాలా ఖర్చు పెట్టుకోవడమూ చేర్చారు. తపాలా బిళ్ల ఖర్చు ఎవరిదన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. పేదవాడి హక్కులు ఆగిపోయేది ఇలాంటి చోటే.

డెలావేర్ శాసనసభ తొందరపడింది. రాజ్యాంగం జోలికి పోకుండా 2022లో మామూలు చట్టంతో తపాలా ఓటు తెచ్చింది. ఎన్నికలు నెల ఉన్నాయనగా అక్టోబరులో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చెల్లదని కొట్టేసింది. 1862 నాటి పెన్సిల్వేనియా కథే మళ్లీ.

న్యూయార్క్ కథ వీటన్నిటికంటే చిక్కుగా ఉంది. అక్కడ 2021 నవంబరులో సవరణను ప్రజల ముందు పెడితే ప్రజలు స్పష్టంగా తిరస్కరించారు. వ్యతిరేకులు ఊరూరా ప్రచారం చేశారు. పెట్టినవాళ్లు మాత్రం, ఇది ఎలాగూ గెలుస్తుందిలే అన్న ధీమాతో కదల్లేదు. తర్వాత 2023లో శాసనసభ మరో పేరుతో, ముందస్తు తపాలా ఓటు అని, చట్టం చేసింది. 2024 ఆగస్టులో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం చెల్లుతుందని చెప్పింది. ఫలితం మనకు ఇష్టమైనదే. అయినా ప్రజలు వద్దన్నదాన్ని రెండేళ్లకు పక్క తలుపు నుంచి తేవడం మాకు అంత రుచించలేదు. కనెక్టికట్ వాళ్లలా ఓడినచోటే మళ్లీ నిలబడి గెలిచి ఉంటే ఆ చట్టానికి బలం ఇంకా ఉండేది.

ఇక రెండో వైపు. గైర్హాజరు ఓటుతో మోసాలు జరగవా అంటే జరుగుతాయి. దాచిపెట్టి వాదించడం మన పద్ధతి కాదు. కనెక్టికట్‌లోనే అతి పెద్ద నగరం బ్రిడ్జ్‌పోర్ట్‌లో 2023 సెప్టెంబరులో మేయరు పదవికి పార్టీ అభ్యర్థిని ఎంచుకునే పోలింగు జరిగింది. తేడా 251 ఓట్లు. గైర్హాజరు బ్యాలెట్లు వేసే పెట్టెలో ఒక అభ్యర్థి మద్దతుదారు కట్టలు వేస్తున్నట్టు కనిపించే వీడియోలు బయటపడ్డాయి. కోర్టు ఆ ఎన్నికను రద్దు చేసి మళ్లీ జరిపించింది. అంత రచ్చ జరిగిన మరుసటి ఏడే ఆ రాష్ట్ర ప్రజలు గైర్హాజరు ఓటును విస్తరించే సవరణకు సరే అన్నారు. దొంగ పడ్డాడని ఇంటికి తలుపే లేకుండా గోడ కట్టేసుకోలేదు. అయితే ఆ వీడియోలు చెప్పే పాఠం మనకు వాళ్లకంటే ఎక్కువ పనికొస్తుంది. బ్యాలెట్ ఓటరు చేతికి, ఓటరు చేతి నుంచి పెట్టెలోకి పోయే మధ్యలో ఎవరు నిలబడతారన్నదే అసలు ప్రశ్న.

ఇప్పుడు మన ఊళ్లోకి వద్దాం. కర్నూలు జిల్లా పడమటి మండలాలు కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం. ఖరీఫ్ పంట చేతికొచ్చీ రాకముందే ఇళ్లకు తాళాలు పడతాయి. ముసలివాళ్లను, కొన్నిచోట్ల బడి పిల్లలను సీజనల్ హాస్టళ్లలో వదిలి, కుటుంబాలు గుంటూరు వైపు మిరపకోతలకు పోతాయి. కిలోల లెక్కన కూలీ. జనవరి, ఫిబ్రవరి, మార్చి ఆ పనికి ముమ్మరమైన నెలలు. పాలమూరు నుంచి, అనంతపురం నుంచి, శ్రీకాకుళం నుంచి వలసలు వేరే దిక్కులకు, వేరే పనులకు పోతాయి.

ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ పంచాయతీ ఎన్నికలు 2021 ఫిబ్రవరి 9, 13, 17, 21 తేదీల్లో జరిగాయి. సరిగ్గా మిరపకోతల నడుమ. ఉదయం ఆరున్నర నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా పోలింగు, అదే సాయంత్రం లెక్కింపు. తెలంగాణలో 2019 పంచాయతీ ఎన్నికలు జనవరిలో జరిగాయి. ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట వరకే. 1845లో అమెరికా వాళ్లు గుర్రపు బండి నడకను లెక్కలోకి తీసుకున్నారు. మనవాళ్లు కోతల నెలను కూడా లెక్కలోకి తీసుకోలేదు.

అసెంబ్లీ ఎన్నికలో పది ఓట్లు పోతే తెలియకపోవచ్చు. పంచాయతీ వార్డులో రెండు మూడు వందల ఓట్లుంటాయి. పది కుటుంబాలు వలస పోతే ఫలితమే మారుతుంది. పైగా వలస పోయినవాళ్లకే పంచాయతీ అవసరం ఎక్కువ. ఉపాధి హామీ పని ఎక్కడ పెట్టాలి, తాగునీటి ట్యాంకు ఏ వీధికి, ఇళ్ల పట్టా జాబితాలో ఎవరి పేరు అన్నవి తేలే చోటు అది. ఊళ్లో పని దొరికితే వాళ్లు గుంటూరు పోరు. ఊళ్లో పని గురించి గట్టిగా అడగవలసినవాళ్లు ఓటు రోజున ఊళ్లో ఉండరు.

అందరూ రాకుండా పోరు. అభ్యర్థులు బండ్లు పంపుతారు. రానూ పోనూ ఖర్చు, పోయిన కూలీ, దారిలో భోజనం అన్నీ పెట్టుకుంటారు. ఎవరి బండెక్కి వచ్చారో వాళ్లకే వెయ్యాలన్న ఒత్తిడి ఆ ఖర్చుతోనే మొదలవుతుంది. గుంటూరు వైపు రైతుకూ ఇది బాధే. కాయ పండి కోతకొచ్చిన వారంలో ముఠా మొత్తం బండెక్కి పోతే మూడు రోజుల పని ఆగుతుంది. మళ్లీ తిరిగొచ్చేదాకా ఎదురుచూడటమే. మన సంఘంలో ఇద్దరూ ఉన్నారు, కూలీని పంపే ఊరి సభ్యుడూ, కూలీని పిలుచుకునే ఊరి సభ్యుడూ. ఈ విషయంలో ఇద్దరి ప్రయోజనమూ ఒకటే.

చట్టం ఏమంటోంది? తాత్కాలికంగా ఊరు విడిచి వెళ్లినంత మాత్రాన ఆ ఊరి నివాసి కాకుండా పోరని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టమే, 20వ సెక్షన్‌లో, చెబుతోంది. కాబట్టి వలస పోయాడని పేరు తీసెయ్యడం తప్పు. పేరు ఉంచారు సరే, ఓటు వేసే దారి ఏది? అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల్లో సైనికులకు, ఎన్నికల విధుల్లో ఉన్న ఉద్యోగులకు పోస్టల్ బ్యాలెట్ ఉంది. 85 ఏళ్లు దాటినవాళ్లకు, 40 శాతానికి తక్కువ కాని వైకల్యం ఉన్నవాళ్లకు ఇంటి నుంచే ఓటుంది. వలస కూలీకి ఏదీ లేదు. ఒకేచోట 72 నియోజకవర్గాల దాకా ఓట్లు వేయించగల యంత్రం తయారుచేయించామని కేంద్ర ఎన్నికల సంఘం 2022 చివర్లో ప్రకటించి, 2023 జనవరిలో పార్టీలను పిలిచింది. చాలా ప్రతిపక్షాలు అభ్యంతరాలు చెప్పాయి. ఆ తర్వాత వచ్చిన 2024 ఎన్నికల్లో ఆ యంత్రం కనబడలేదు. మే 13న పోలింగు రోజు ముందు హైదరాబాదు నుంచి ఆంధ్ర వైపు బస్సులు, రైళ్లు సంక్రాంతి నాటిలా కిక్కిరిశాయి. టికెట్ కొనగలిగినవాళ్లు, సెలవు దొరికినవాళ్లు వెళ్లారు.

ఢిల్లీ తలుపు సంగతి అలా ఉంచుదాం. మనవాళ్లు అంతగా గమనించని తలుపు ఒకటి దగ్గర్లోనే ఉంది. 73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 243కె అధికరణం నాలుగో క్లాజు, పంచాయతీ ఎన్నికలకు సంబంధించిన అన్ని విషయాల మీదా చట్టం చేసే అధికారం రాష్ట్ర శాసనసభకు ఇచ్చింది. కనెక్టికట్ ప్రజలు పదేళ్లు తిరిగి సంపాదించుకున్న అధికారం లాంటిది మన రాష్ట్ర శాసనసభకు 1993 నుంచి, రాష్ట్రం విడిపోయాక రెండు శాసనసభలకూ ఉంది. రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, పార్లమెంటు అనుమతి అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 1994లోనూ, తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లోనూ తగిన మార్పులు చేసి, వాటి కింద నియమాలు రాస్తే చాలు. ముప్పై ఏళ్లకు పైగా వాడకుండా పెట్టుకున్న తాళంచెవి ఇది.

ఏ మార్పు కావాలో మాత్రం జాగ్రత్తగా అడగాలి. అమెరికాలో ఉన్నట్టు బ్యాలెట్ కాగితం తపాలాలో పంపమని మేం అడగం. చేను గట్టు మీద గుడిసెకు చిరునామా ఉండదు. ఉన్నా, ఆ కవరు మొదట చేరేది ముఠా మేస్త్రీ చేతికో, చేను యజమాని చేతికో. అడ్వాన్సు తీసుకుని వచ్చిన కూలీ వాళ్ల ఎదుట తన గుర్తు మీద ముద్ర వేసుకోగలదా? బ్రిడ్జ్‌పోర్ట్‌లో కెమెరా ఉంది కాబట్టి బయటపడింది. ఫోను ఓటు మీద కూడా ఇదే అనుమానం. తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘం 2021 అక్టోబరులో ఖమ్మంలో ఫోను ఓటుకు నమూనా పరీక్ష చేసింది. బిహార్‌లో 2025 జూన్‌లో పురపాలక ఎన్నికల్లో నిజంగానే వాడారు. రాష్ట్ర సంఘాలు తలచుకుంటే కొత్త దారి వెయ్యగలవని ఇవి నిరూపించాయి, మంచిదే. కానీ ఇంటికొక ఫోను ఉండే కుటుంబంలో ఆడమనిషి ఓటు ఎవరు నొక్కుతారో మనకు తెలియనిది కాదు.

మేం అడిగేది ఓటింగు గది. ఎన్నికల డ్యూటీలో ఉన్న ఉద్యోగుల కోసం ఫెసిలిటేషన్ సెంటర్ పెడుతున్నారు. అధికారి ఎదుట గుర్తింపు చూపి, చాటు గదిలో ఓటేసి, పెట్టెలో వేసి వస్తారు. అలాంటిదే వలసలు ఎక్కువగా వచ్చే మండలాల ఆఫీసుల్లో, పోలింగుకు ముందు వచ్చే ఆదివారంతో కలిపి మూడు రోజులు పెట్టమని అడుగుదాం. కోసిగి కూలీ గుంటూరు జిల్లా మండలాఫీసుకు నడిచిపోయి తన ఊరి సర్పంచి ఓటు వేస్తాడు. బ్యాలెట్లు సీలు వేసి సొంత మండలానికి చేరవేస్తారు.

ఇందులో చిక్కులున్నాయి. 2021లో మొదటి విడతకు నామినేషన్ల ఉపసంహరణ ఫిబ్రవరి 4, పోలింగు 9. అయిదు రోజుల్లో బ్యాలెట్లు పంపి, వేయించి, వెనక్కి తేవడం కుదరదు. మధ్య గడువు రెండు వారాలైనా ఉండాలి. ఇంకో చిక్కు దీనికంటే పెద్దది. ఒక వార్డు నుంచి వలస పోయినవాళ్లు నలుగురే అయితే, ఆ నాలుగు ఓట్లు వేరే లెక్కపెడితే ఎవరు ఎవరికి వేశారో ఊరంతా తెలిసిపోతుంది. బయటి నుంచి వచ్చిన బ్యాలెట్లను వార్డు పెట్టెలోని బ్యాలెట్లతో కలిపేశాకే లెక్కపెట్టాలని నియమంలోనే రాయాలి. ఇది రాయకపోతే ఈ సౌకర్యం లేకపోవడమే మేలు.

అన్నిటికంటే తేలికైనది తేదీ. వలస పోయినవాళ్లలో ఎక్కువమంది ఉగాది తర్వాత తిరిగొస్తారు, తొలకరికి దుక్కులకు ఊళ్లోనే ఉంటారు. పాలకవర్గం గడువు తీరడాన్ని బట్టి, కోర్టు ఆదేశాలను బట్టి తేదీ ముందుకూ వెనక్కూ పోతుందని మాకూ తెలుసు. పోయినంతలో కోతల నెలలను తప్పించమని రాష్ట్ర ఎన్నికల సంఘాలను అడగడానికి ఏ చట్ట సవరణా అక్కర్లేదు.

అడిగేటప్పుడు చేతిలో లెక్క ఉండాలి. ఈ నెల మండల కమిటీ సమావేశాలకు వచ్చే సభ్యులు తమ పంచాయతీలో వార్డులవారీగా ఒక కాగితం రాసుకురావాలి. ఎన్ని కుటుంబాలు వలస పోతాయి, వాటిలో ఓటర్లు ఎంతమంది, ఏ నెలలో పోయి ఏ నెలలో వస్తారు, ఏ జిల్లా ఏ మండలానికి, గత పంచాయతీ ఎన్నికకు వచ్చారా, వస్తే ఎవరి ఖర్చు మీద. మనుషుల పేర్లు రాయవద్దు, సంఖ్యలు చాలు. చివరి ప్రశ్నకు జవాబు రాబట్టడం కష్టం, అయినా అడగండి. కూలీలను పిలుచుకునే మండలాల కమిటీలు తమ వైపు లెక్క వేరే రాయాలి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాకే శాసనసభ్యులకు, రాష్ట్ర ఎన్నికల సంఘానికి ఇచ్చే వినతిపత్రం రాస్తాం.